ఉందక్క చెయ్యి

గుండె లయ సరిచేసే గదిలో ఆమె తొమ్మిదేళ్లుగా చేస్తున్న పనిని ఒక్క ముక్కలో చెప్పమంటే, "ఉంది" అనడం. నవ్వకండి. ఆ ఒక్క మాట అనడానికి ఎంత ఒడుపు కావాలో ఆ గదిలో ఓ పూట నిలబడి చూస్తే గానీ తెలీదు.

గుండె ఉన్నట్టుండి గతి తప్పి, ఇష్టమొచ్చినట్టు కొట్టుకునే జబ్బు ఒకటుంది. దానికి తొడ దగ్గరి రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని గుండె దాకా పంపుతారు. ఊపిరితిత్తుల నుంచి వచ్చే నాళాలు గుండెలో కలిసే చోట చిన్న బెలూను ఉబ్బించి, ఆ చుట్టూ మూడు నిమిషాలు చలి పెట్టి గడ్డకట్టిస్తారు. ఆ తర్వాత గుండెని గతి తప్పించే తుంటరి కరెంటు ఆ గీత దాటి రాలేదు, గుండె దారికొస్తుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కాకపోతే కుడిపక్క నాళాలను రాసుకుంటూ ఒక నరం కిందికి దిగుతుంది. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకున్న కండరాన్ని ఆడించేది ఆ నరమే. ఆ గొడుగు కిందికి దిగితేనే మనిషి ఊపిరి పీల్చగలడు. గుండెకి పెట్టిన చలి ఆ నరానికి తగిలిందా, అది మొద్దుబారిపోతుంది. చాలామందికి నిమిషాల్లోనో నెలల్లోనో తిరిగొస్తుంది. కొందరికి రాదు. అలాంటివాళ్లు వెల్లకిలా పడుకోలేరు, పది మెట్లెక్కితే రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోతారు.

అందుకని కుడిపక్క చలి పెట్టినంతసేపూ, మెడ కింద పెద్ద నాళంలోకి పంపిన తీగతో ఆ నరాన్ని తడుతూ ఉంటారు. తట్టినప్పుడల్లా మత్తులో ఉన్న మనిషి పొట్ట, ఎక్కిళ్లొచ్చినట్టు, ఎగురుతుంది. కుడి పక్కటెముకల కింద అరచెయ్యి ఆనించుకుని, ఎగిరినప్పుడల్లా ఆమె "ఉంది" అంటుంది. మూడు నిమిషాల్లో నూట ఇరవై సార్లు. ఎగురులో పస తగ్గితే "తగ్గింది" అంటుంది. ఆ మాట చెవినపడగానే డాక్టరు చలి ఆపెయ్యాలి. అదీ పద్ధతి. అలా ఆసుపత్రిలో ఆమెకి ఉందక్క అన్న పేరు ఖాయమైపోయింది. క్యాంటీన్లో టీ పోసే ఆయన కూడా "ఉందక్కా, టీ ఉందా అని అడక్కు, ఉంది" అని వేళాకోళమాడేవాడు. ఆమె పైకి కసిరేది గానీ, ఆ పేరంటే ఆమెకి లోలోపల ఎంతో గర్వం. మిగతా నర్సులకి అమ్మానాన్నలు పెట్టిన పేర్లున్నాయి, తనకి పని పెట్టిన పేరుంది.

ఆ సోమవారం ఏమైందంటే, కుడి పై నాళం దగ్గర చలి మొదలై నిమిషం దాటింది. సీసం పొదిగిన ఏడు కిలోల ఏప్రాన్ భుజాలు లాగేస్తోంది. ఆమె కళ్లు మూసుకుని నిలబడింది. పని మధ్యలో ఆమెకి కళ్లు అడ్డం.

"ఉంది... ఉంది... ఉంది... తగ్గింది."

పెద్ద డాక్టరు చలి ఆపి, తల తిప్పి తెర వంక చూశాడు. రెండు వారాల క్రితమే కంపెనీ మనిషి వచ్చి బిగించిన కొత్త తెర అది. పక్కటెముకల మీద స్టిక్కర్లు అంటిస్తే, గొడుగు కండరం కదిలినప్పుడల్లా దాని మీద ఆకుపచ్చ అల లేస్తుంది. ఇప్పుడా అల నిండుగా, ఎత్తుగా లేస్తోంది.

"ఎక్కడ తగ్గింది?" అన్నాడు డాక్టరు.

"పస తగ్గింది సార్. చేతికి తెలిసింది."

"తెర మీద కొండంత కనబడుతుంటే!"

ఇరవై సెకన్లు గడిచేసరికి పొట్ట మళ్లీ మామూలుగా ఎగరడం మొదలెట్టింది. ఇక తగ్గిందో లేదో తేల్చేదెవరు? తెర ఎలా నడుస్తోందో చూడ్డానికొచ్చి పక్కనే నిలబడ్డ కంపెనీ మనిషి, "చెయ్యి అన్నాక అలిసిపోతుంది కదండీ మేడమ్, తెరకి అలుపుండదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఇంకా మండింది ఆమెకి.

డాక్టరు చెడ్డవాడేమీ కాదు. ముక్కు మీద కోపం, అంతే. చేతిలో పనితనం మాత్రం గొప్పది. "ఈ నెలలో ఇది మూడోసారి సిస్టర్" అన్నాడు. "నువ్వు ఆపమన్నప్పుడల్లా పని సగంలో ఆగుతోంది. సగం పనితో ఇంటికెళ్లినవాడు ఆర్నెల్లకి మళ్లీ గుండె పట్టుకుని నా దగ్గరికే వస్తాడు. అప్పుడు జవాబు చెప్పాల్సింది నేను, నీ చెయ్యి కాదు. నీకు భయం ఎక్కువైంది. రేపట్నుంచి నరం సంగతి తెర చూసుకుంటుంది. నువ్వు బయటి గదిలో, వచ్చేవాళ్లని సిద్ధం చేసే పనిలో ఉండు."

గదిలో ఆరుగురున్నారు. ఆరుగురూ తలలు దించుకుని తమ తమ పనుల్లో పడ్డారు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. కేసు పూర్తయ్యాక డాక్టరు రిపోర్టు చెబుతుంటే, తెర దగ్గర కూర్చునే టెక్నీషియన్ టైపు చేస్తోంది: నరాన్ని యంత్రంతో గమనించాం. తొమ్మిదేళ్లుగా ఆ రిపోర్టుల్లో చెయ్యి అన్న మాటే లేదని ఆమెకి ఆ పూటే తట్టింది. ఇంతకుముందు ఆ లైను దగ్గర ఏమీ రాసేవారు కాదు. ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, అది నేరుగా వేలాడుతోందో లేదో ఒకసారి సర్ది, బయటికొచ్చేసింది.

ఇంటికొచ్చేసరికి అత్తగారికి ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఏం తాగినా ఆగట్లేదట. కోడలు చెప్పులైనా విప్పకుండా ఆవిడ పక్కన మంచం మీద కూర్చుని, అలవాటుకొద్దీ పక్కటెముకల కింద చెయ్యి పెట్టింది. ఎక్కిలి వచ్చింది. "ఉంది" అంది. ఇంకోటి వచ్చింది. "ఉంది."

"ఉందని నాకు తెలీదటే? పోగొట్టే మార్గం చెప్పు!" అని అత్తగారు గయ్యిమంది.

కోడలు నవ్వబోయి ఏడ్చేసింది. అత్తగారి ఎక్కిళ్లు ఆ దెబ్బకి ఠక్కున ఆగిపోయాయి. విషయమంతా విన్నాక ఆవిడ మంచం దిగి, ఆసుపత్రి ఎటుందో చూసుకుని అటు తిరిగి మరీ డాక్టర్ని కడిగిపారేసింది. లిఫ్టులు బాగుచేసే భర్త ఆయిల్ చేతులతో గుమ్మంలో నిలబడి అంతా విని, "నువ్వు తగ్గిందన్నది నిజంగా తగ్గిందా?" అని మాత్రం అడిగాడు.

"తగ్గింది."

"అయితే తగ్గినట్టే" అని చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆ మాత్రానికే ఆమెకి ప్రాణం లేచొచ్చింది.

మంగళవారం బయటి గదిలోకి గాజు మేస్త్రి వచ్చాడు. మర్నాడే ఆయన కేసు. అరవై దాటిన మనిషి, బుగ్గల మీద తోలు సాగి మడతలు పడింది, ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. ప్రయోగశాలలకి గాజు కుప్పెలు, మెలికల గొట్టాలు నోటితో ఊది తయారుచేస్తాడు. లెక్కల టీచరైన కూతురు వెంట వచ్చింది. "ఈ మధ్య ఊదుతుంటే మధ్యలో గుండె ఎగిరి గంతేస్తోందమ్మాయ్" అన్నాడాయన. "ఊపిరి తెగుతోంది. తెగిన చోట గాజు మీద అల పడుతోంది. అలా పోయిన నెల్లో ఎనిమిది కుప్పెలు పగలగొట్టేశాను. నా చేత్తో నేను."

"ఎనిమిది కాదు నాన్నా, పదకొండు" అంది కూతురు.

"మూడు నీకు తెలియకుండా పగలగొట్టాననుకున్నానే!"

ఉందక్క మూడు బంతుల పెట్టె తెచ్చి చేతికిచ్చింది. ఊపిరి బలం చూసుకునే ప్లాస్టిక్ పెట్టె అది. మూడు గదులు, గదికో బంతి, పక్కన గొట్టం. మేస్త్రి గొట్టం నోట్లో పెట్టుకుని, బుగ్గలు పూరించి, గది దద్దరిల్లేలా ఊదాడు. ఒక్క బంతి కదిలితే ఒట్టు.

"ఇది చెడిపోయిందమ్మాయ్."

"ఊదడం కాదు మేస్త్రి గారూ, పీల్చాలి" అని ఆమె పొట్టచెక్కలయ్యేలా నవ్వింది. నిన్నటి నుంచి అదే మొదటి నవ్వు. నలభై ఏళ్లుగా ఊదుతున్నవాడికి గొట్టం కనబడితే ఊదకుండా ఎలా ఉంటాడు? ఆయనా నవ్వుకుని, ఈసారి పీల్చాడు. మూడు బంతులూ టకటకమని పైకెగిరి, అక్కడే మేకు కొట్టినట్టు నిలబడ్డాయి. ఆమె లెక్కపెట్టింది. ఇరవై రెండు దాకా దిగలేదు. పొద్దుట్నుంచి రెండో బంతితో కుస్తీ పడుతున్న పక్క మంచం పెద్దమనిషి లేచి కూర్చుని నోరెళ్లబెట్టాడు.

"ఊదడం చూసి అందరూ భేష్ అంటారమ్మా" అన్నాడు మేస్త్రి గొట్టం తీసి. "అసలు పని పీల్చే దగ్గరే అయిపోతుంది. లోపలికి సరిగ్గా తీసుకుంటేనే బయటికి సరిగ్గా ఇస్తాం. అది మాత్రం ఒక్కడూ చూడడు."

ఆ మాట ఆమెకి ఎక్కడో తగిలింది. ఒప్పుకోలు కాగితం తీసి చదవడం మొదలుపెట్టింది. ఆ కాగితాన్ని అక్కడ అందరూ గడగడా చదివేస్తారు, వినేవాళ్లు తలాడిస్తారు, సంతకం అయిపోతుంది. పదకొండో అంశం దగ్గర మేస్త్రి చెయ్యెత్తాడు.

"ఆగాగు. ఊపిరి నరానికి దెబ్బ అన్నావు. అదేంటి?"

ఆమె చెప్పింది. నరం ఎటు పోతుందో తన ఒంటి మీదే వేలితో చూపించింది. ఎక్కువమందికి ఏమీ కాదని, అయినవాళ్లలో చాలామందికి తిరిగొస్తుందని కూడా చెప్పింది.

"తిరిగి రానివాళ్లు?"

"ఉన్నారు."

"నాకది పోతే నేను మనిషిగా ఉంటాను గానీ మేస్త్రిగా ఉండను" అన్నాడాయన నెమ్మదిగా. "ఆ నరాన్ని అక్కడ ఎవరు కనిపెట్టుకుని ఉంటారు?"

మేమంతా ఉంటాం కదా అనేస్తే పోయేది. తొమ్మిదేళ్లలో ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు. వేసినా ఆమెకి జవాబు చెప్పడానికి ఇబ్బంది ఉండేది కాదు. ఆమె కాగితం అంచు రెండుసార్లు మడిచి విప్పింది.

"తెర ఉంటుంది. నిన్నటి దాకా దాంతో పాటు ఒక చెయ్యి కూడా ఉండేది."

"ఎవరిది?"

"నాది."

నిజమే చెప్పింది. కానీ ఆ నిజంలో పిసరంత అక్కసు కూడా కలిసిందని ఆమెకి అప్పుడే తెలిసింది. నాలుక కరుచుకుంది. మేస్త్రి అప్పటికే పెన్ను మూత బిగించేశాడు.

"మా కొలిమికీ వేడి చూపించే మీటరుందమ్మా. మంచి మీటరు. అయినా గాజు రంగు కంటితో చూడకుండా బయటికి తీసేవాణ్ణి నేను పనిలో పెట్టుకోలేదు. నీ చెయ్యి ఉంటే సంతకం, లేకపోతే ఇంటికి."

"డాక్టరు గారితో పంతాలేంటి నాన్నా?" అని కూతురు తల పట్టుకుంది.

"పంతం కాదే. ఊపిరి నాది."

కబురు వెళ్లిన ఐదు నిమిషాలకి డాక్టరే దిగొచ్చాడు. మొహం ఎర్రగా ఉంది. మేస్త్రిని పలకరించి, ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావా ఆయనకి?"

"ఆయన అడిగారు సార్. చెప్పాను."

డాక్టరు మూడు బంతుల పెట్టె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టాడు. అంతమంది ముందు కాదనడం ఆయనకీ కష్టమే. "సరే. రేపు చెయ్యి పెట్టు. కానీ విను. నీ మాట మీద అనవసరంగా ఒక్కసారి ఆగాల్సొచ్చిందా, మళ్లీ ఆ గది గడప తొక్కొద్దు. కింద చీటీలు రాసే దగ్గరికి పంపించేస్తాను."

"అలాగే సార్."

మేస్త్రి కాగితం లాక్కుని, కింద ఖాళీ జాగాలో గుండ్రటి అక్షరాలతో తనే రాశాడు: పని జరిగినంతసేపూ నా పొట్ట మీద ఈ అమ్మాయి చెయ్యి ఉండాలి. అప్పుడు సంతకం చేశాడు.

బుధవారం పొద్దున్న చేతులు రుద్దుకుంటుంటే కుడి అరచెయ్యి చల్లగా అనిపించింది ఆమెకి. వేడినీళ్ల కింద పెట్టి, రుద్ది, మళ్లీ పెట్టింది. తొమ్మిదేళ్లలో చేతికి భయం తెలీదు. ఇప్పుడు తెలిసింది. తొందరపడి నోరు జారితే తన చోటు పోతుంది. నోరు మూసుకుంటే ఆయన ఊపిరి పోతుంది. కంపెనీ మనిషి కూడా వచ్చి తెర పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మత్తు ఎక్కేముందు మేస్త్రి ఆమె వంక చూసి, బుగ్గలు పూరించి కన్నుకొట్టాడు. ఆమె ఆయన చొక్కా అంచు పక్కకి జరిపి, చెయ్యి సరిగ్గా ఆనే చోటు వెతుక్కుంది.

ఎడమపక్క రెండు నాళాలూ తేలిగ్గా అయిపోయాయి. బెలూను కుడి పై నాళానికి వచ్చింది. తీగ నరాన్ని తట్టడం మొదలుపెట్టింది. పొట్ట ఎగిరింది. ఎంత బలంగా ఎగిరిందంటే, ఆమె చెయ్యి కూడా లేచింది. గాజు ఊదేవాడి గొడుగు మరి.

"ఉంది" అంది. చలి మొదలైంది. "ఉంది... ఉంది... ఉంది..."

నాళంలో తుంటరి కరెంటు నలభై సెకన్లకే ఆగిపోయిందని టెక్నీషియన్ చెప్పింది. మంచి గుర్తు. నిమిషం దాటింది. నిమిషంన్నర దగ్గర ఆమెకి ఎగురులో ఏదో తేడా తగిలింది. ఎత్తు అంతే ఉంది, కొస మెత్తబడింది. నిజమేనా, భయం అలా అనిపిస్తోందా? ఇంకోటి ఎగిరింది. ఆమె నోట మాట రాలేదు. ఆ గదిలో ఒక ఎగురు మాట లేకుండా దాటిపోవడం తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. టెక్నీషియన్ తలెత్తి చూసింది. డాక్టరు కూడా చూశాడు.

"తగ్గింది" అంది ఆమె.

తెర మీద అల నిండుగా ఉంది. "అల బాగానే ఉంది సార్" అన్నాడు కంపెనీ మనిషి.

డాక్టరు వేలు బటన్ మీదే ఉంది. ఆయన తెరనీ చూశాడు, ఆమె మొహాన్నీ చూశాడు.

"తగ్గింది సార్. ఆపండి!"

అరిచినంత పని చేసింది. డాక్టరు బటన్ నొక్కాడు. చలి ఆగింది, బెలూను ముడుచుకుంది. తీగ మాత్రం నరాన్ని తడుతూనే ఉంది, టిక్కు టిక్కుమని. పొట్ట ఎగరలేదు.

"లేదు" అంది ఆమె. ఆ మాట ఆ గదిలో ఆమె నోట ఎప్పుడూ వినలేదు ఎవరూ. "లేదు... లేదు..."

అందరి కళ్లూ మేస్త్రి పొట్ట మీదే. కంటికే తెలుస్తోంది, కదలట్లేదు. తెర మీద మాత్రం ఆకుపచ్చ అల నిక్షేపంగా లేస్తోంది. కాస్త గజిబిజిగా ఉంది, అంతే. డాక్టరు రెండడుగులు ముందుకేసి, కళ్లద్దాలు సర్దుకుని, తెర అంచున మూలన ఉన్న చిన్న అంకె దగ్గర వంగాడు.

"ఈ స్కేలేంటి?"

"మొదట ఒకటి ఉంది సార్" అంది టెక్నీషియన్. "ఇప్పుడు... పన్నెండు."

"ఎవరు మార్చారు?"

"ఎవరూ మార్చలేదు సార్, ఆటోలో ఉంది" అన్నాడు కంపెనీ మనిషి. "అల చిన్నదైతే కనబడడం కోసం అదే పెద్దది చేసుకుంటుంది."

"అంటే అక్కడ నరం చస్తుంటే, నాకు దాన్ని భూతద్దంలో పెట్టి బతికున్నట్టు చూపిస్తోందా?"

ఆ ఆటోని కంపెనీ మనిషి తనే పెట్టి, తనే మర్చిపోయాడు పాపం. "తీసెయ్ దాన్ని" అన్నాడు డాక్టరు. టెక్నీషియన్ నొక్కగానే ఆ కొండంత అల కుప్పకూలి దారప్పోగైపోయింది.

ఇక చేసేదేమీ లేదు, ఎదురుచూడటమే. నిమిషం. ఆమె చెయ్యి తియ్యలేదు. నిమిషంన్నర. ఏప్రాన్ లోపల వెన్ను మీంచి చెమట కారుతోంది. ఆ ఒక్క ఎగురు, మాట రాక తను వదిలేసిన ఆ ఒక్క ఎగురు, ఆమెని లోపల పొడిచేస్తోంది. అప్పుడే అని ఉంటే? రెండు నిమిషాలు. "లేదు" అనడం కూడా మానేసింది. అంతలో అరచేతి కింద, చీమ తలెత్తినంత, ఏదో కదిలింది. ఆమె పలకలేదు. ఇంకోటి రానిచ్చింది. ఇంకోటి కూడా.

"ఉంది సార్."

"నిజంగా?"

"ఉంది. వస్తోంది. ఉంది... ఉంది..."

ఎక్స్‌రేలో చూస్తే గొడుగు కుడి సగం చిన్నగా, ఆపైన పెద్దగా దిగడం మొదలుపెట్టింది. డాక్టరు గోడకి ఆనుకుని ఓ పెద్ద ఊపిరి వదిలాడు. పై నాళం పరీక్షించి చూస్తే కరెంటు పూర్తిగా ఆగిపోయే ఉంది. సగంలో ఆపినా పని చెడలేదు. మిగిలింది కుడి కింది నాళం ఒక్కటే.

"ఇది వదిలేద్దామంటే జబ్బు తిరగబెడుతుంది. చేద్దామంటే నరం" అని డాక్టరు తనలో తను అనుకుంటున్నట్టు అని, తలెత్తాడు. "చెయ్యి ఏమంటోంది సిస్టర్?"

తొమ్మిదేళ్లలో ఆయన ఆమెని అడిగిన మొదటి సలహా అదే. ఆమె తొందరపడలేదు. ఇంకో పది ఎగుళ్లు చూసింది.

"మొదట ఎంత బలంగా ఉందో అంతా వచ్చేసింది సార్. మీరు మొదలుపెట్టండి. నేనున్నాను."

బెలూను కింది నాళానికి జరిగింది. చలి. "ఉంది... ఉంది..." ఆమె గొంతు ఇప్పుడు నిలకడగా ఉంది. రెండు నిమిషాలు గడిచాయో లేదో, తెర మీద అల ఉన్నపళంగా పడిపోయింది. చదునైన గీత మిగిలింది.

"పోయింది! ఆపుతున్నా" అన్నాడు డాక్టరు.

"ఆపొద్దు సార్. ఉంది."

"తెర మీద ఏమీ లేదు!"

"ఇక్కడ ఉంది. నిండుగా ఉంది. స్టిక్కరు ఊడిందేమో చూడండి. ఉంది... ఉంది..."

నీకు భయం ఎక్కువైంది అన్న మనిషి వేలు ఇప్పుడు బటన్ నొక్కబోతూ ఆగింది. ఆయన ఈసారి తెర వంక చూడలేదు. ఆమె మొహంలోకే చూశాడు. ఆమె కళ్లు మూసుకునే ఉంది. ఆయన వేలు పైకి తీసేశాడు. కంపెనీ మనిషి ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చి దుప్పటి పైకెత్తి చూశాడు. చెమటకి ఊడిన స్టిక్కరు తీగకి వేలాడుతోంది.

"ఊడింది సార్" అన్నాడు. దాన్ని తుడిచి అంటించి, ఇంకో మాట కూడా అన్నాడు, ఆమెతో. "సారీ మేడమ్."

"ఉంది" అంది ఆమె. ఆయనకి జవాబు కాదది. లెక్క తప్పకూడదు కదా. మూడు నిమిషాలూ నిండేదాకా చలి నడిచింది.

కేసయ్యాక డాక్టరు రిపోర్టు చెబుతుంటే ఆమె ఏప్రాన్ తగిలిస్తోంది. "నరాన్ని..." అని ఆయన ఆగాడు. టెక్నీషియన్ వేళ్లు మీటల మీద ఆగాయి. "నరాన్ని నర్సు చేత్తో గమనించింది. తోడుగా యంత్రం వాడాం. అలాగే కొట్టు." ఆ తర్వాత, ఎవరితోనో అన్నట్టు, "సోమవారం కేసు రికార్డు కూడా తీయించి చూశాను. అందులోనూ స్కేలు నాలుగైంది" అన్నాడు. అదే ఆయన క్షమాపణ. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు అంతకన్నా అడగరు, అడిగితే మనకే ఇబ్బంది.

ఆ సాయంత్రం అత్తగారు గుమ్మంలోనే కాపు కాసింది. "తగ్గిందా వాడి కోపం?" అంది. "తగ్గింది అత్తయ్యా" అంది కోడలు. ఆ మాట ఆమె అంత హాయిగా ఎప్పుడూ అనలేదు.

గురువారం పొద్దున్న ఆమె పై వార్డుకి వెళ్లింది. అది ఆమె డ్యూటీ కాదు. మేస్త్రి దిండుకి చేరగిలబడి కూర్చున్నాడు, కూతురు పక్కన. మూడు బంతుల పెట్టె ఒళ్లో ఉంది, గొట్టం మాత్రం నోట్లో పెట్టుకోలేదు.

"తెల్లారినప్పట్నుంచి అలాగే పట్టుకుని కూర్చున్నారండీ" అంది కూతురు. "పీల్చమంటే పీల్చరు."

"నువ్వొస్తావని ఆగానమ్మాయ్" అన్నాడాయన. కానీ ఆయన వేళ్లు గొట్టాన్ని నలుపుతున్నాయి. అంతటి మేస్త్రీ భయపడుతున్నాడు. "అంతా అయ్యాక డాక్టరు వచ్చి చెప్పాడు. రెండు నిమిషాలు నా దగ్గర అది లేదటగా."

"లేదు. తర్వాత వచ్చింది. నేను కూడా ఒక ఎగురు ఆలస్యంగా చెప్పాను మేస్త్రి గారూ. అది మీకు తెలియాలి."

ఆయన గొట్టాన్ని నలపడం ఆపేశాడు. "నలభై ఏళ్లలో నేను కొలిమి దగ్గర ఒక్క క్షణం ఆలస్యం చెయ్యలేదనుకుంటున్నావా?" అని, ఆమె కుడిచెయ్యి పట్టుకుని తీసి తన పక్కటెముకల కింద పెట్టుకున్నాడు. గొట్టం నోట్లో పెట్టుకున్నాడు.

పీల్చాడు. మొదటి బంతి లేచింది. రెండోది లేచింది. మూడోది కొంచెం వణికి, టక్కుమని పైకి తగిలి నిలబడింది. ఆమె అరచేతి కింద, ఏ తీగా తట్టకుండానే, ఆ పెద్ద గొడుగు తనంతట తను నెమ్మదిగా కిందికి దిగింది. ఎడమపక్క ఎంత దిగిందో కుడిపక్కా అంతే దిగింది. కూతురు పైకే లెక్కపెడుతోంది, పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. అప్పుడే రౌండ్స్‌కి వచ్చిన డాక్టరు మంచం కాళ్ల దగ్గర ఆగిపోయాడు. ఆయన బంతులనే చూస్తున్నాడు. మేస్త్రి ఎదురుగా ఉన్న డాక్టర్ని చూడలేదు, బంతుల్నీ చూడలేదు. గొట్టం నోట్లోనే ఉంచుకుని, కనుబొమలెగరేసి ఆమెని అడిగాడు.

ఆమె వెంటనే చెప్పలేదు. ఇరవై మూడు దాకా రానిచ్చింది.

"ఉంది" అంది.